నిమ్మకాయలు తొక్కిన విమానం

రెండు నిమ్మకాయలతో ఒక విమానాన్ని పాడుచేసిన మనిషి మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి, అది నేనే. దేశాలకి దేశాలు క్షిపణులు తయారు చేసుకుని మరీ చేసే పనిని నేను ఒక ఆదివారం మధ్యాహ్నం, బిర్యానీ తిని, చెయ్యి కడుక్కుని, పెద్దమనుషుల ఎదుట చేశాను. ప్రాణనష్టం ఏమీ లేదు. పరువు నష్టం మాత్రం ఎంతో ఇప్పటికీ తేలలేదు.

కంగారు పడకండి, ఆ విమానం కంప్యూటర్లోది. నిమ్మకాయలు మాత్రం నిజమైనవే, మా అమ్మ బజారులో ఏరి తెచ్చినవి. అవి ఒకదాన్నొకటి ఎలా కలుసుకున్నాయో చెప్పాలంటే ముందు నా గురించి కొంచెం చెప్పాలి. నా గురించి చెప్పడం నాకు ఇష్టమైన పనే కాబట్టి మీరు ఓపిక పట్టాలి.

అప్పటికి నాకు ఇరవై అయిదేళ్ళు. పేరు నాగూర్. మాది చిలకలూరిపేట, హైవేకి రెండు వీధుల ఇవతల ఇల్లు. రోజూ పొద్దున్నే బస్సెక్కి మంగళగిరిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో పడేవాణ్ణి. ఆ వయసులో కొందరికి సినిమాల పిచ్చి ఉంటుంది, కొందరికి క్రికెట్ పిచ్చి ఉంటుంది. నాకు విమానాల ఆటల పిచ్చి. కంప్యూటర్లో అచ్చం నిజం విమానంలాగే నడిపే ఆటలు. అందులో కాల్చడాలు, పేల్చడాలు ఉండవు. బుద్ధిగా ఎగరాలి, బుద్ధిగా దిగాలి. అది చూసి మా అమ్మ, "ఇందులో గెలిచేది ఏందిరా?" అని అడిగింది. "క్షేమంగా దిగడమే గెలుపమ్మా," అన్నాను. "ఆ మాత్రం మన బస్సూ చేస్తంది గదా," అంది.

ఈ ఆటలు ఆడేవాళ్ళలో రెండు కులాలు. మౌస్‌తో ఆడేవాళ్ళు ఒక కులం. జాయ్‌స్టిక్, థ్రాటిల్, పెడల్స్ పెట్టుకుని ఆడేవాళ్ళు రెండో కులం. జాయ్‌స్టిక్ అంటే చేత్తో పట్టుకుని విమానాన్ని వంచే కర్ర. థ్రాటిల్ అంటే వేగం పెంచే మీట. పెడల్స్ రెండూ కాళ్ళ కింద పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతాయి. ఎడమది నెడితే విమానం ముక్కు ఎడమకి తిరుగుతుంది, కుడిది నెడితే కుడికి. నా దగ్గర వీటిలో ఒక్కటీ లేదు. అయినా నేను మనసులో రెండో కులానికి చెందినవాణ్ణే. మౌస్‌తో విమానం నడపడం గరిటెతో బావి తోడడం లాంటిదని కనపడ్డ వాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. చీరల వ్యాపారం చేసే ఒకాయన నా పక్క సీట్లో కూర్చున్న పాపానికి గుంటూరు నుంచి మంగళగిరి దాకా థ్రాటిల్ గురించి విన్నాడు. మర్నాటి నుంచి ఆయన ఆ బస్సులో కనిపించలేదు.

ఇక మా నాన్న మస్తాన్. ముప్ఫై ఏళ్ళు పత్తి బేళ్ళ లారీ తోలాడు. లారీ డ్రైవరుకి కుడికాలి కన్నా ఎడమకాలికి పని ఎక్కువ, క్లచ్ తొక్కేది అదే. మా నాన్న ఎడమ మోకాలు ముప్ఫై ఏళ్ళలో ఎన్నిసార్లు వంగిందో లెక్క లేదు. ఒకరోజు ఇక వంగనని మొరాయించింది. ఆపరేషన్ చేశారు. "నడవచ్చు, తిరగచ్చు, లారీ మాత్రం మర్చిపోండి," అన్నాడు డాక్టరు. నాన్న తల ఊపి వచ్చేశాడు, లారీ అమ్మేశాడు, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదట్లో హైవే మీద పోయే లారీల చప్పుడు విని మాకు చెబుతుండేవాడు. "అది రాయి లోడు, చీమకుర్తి నుంచి వస్తంది," అనేవాడు. "వాడు గేరు మార్చడం నేర్చుకోలేదు," అని ఇంకొకణ్ణి తిట్టేవాడు. రెండు నెలలు గడిచేసరికి ఆ చెప్పడం కూడా మానేశాడు. అన్నం రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. మా ఇల్లు ఆయన గొంతుతోనే ఇల్లులా ఉండేదని నాకు అప్పుడు తెలిసింది. భయమేసింది.

మా అమ్మ ముందు గదిలో పరుపులు, బొంతలు కుడుతుంది. మాది తాతల నాటి నుంచి దూది ఏకే ఇల్లు. ఒకరోజు సూదిలో దారం ఎక్కిస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు ఇన్ని చదివావు గదా. ఆ మనిషిని మళ్ళీ మాట్లాడించే యంత్రం ఏదన్నా ఉంటే చూడరా."

ఉంది, నా దగ్గరే ఉందనుకున్నాను. నా పాత కంప్యూటర్లో లారీ తోలే ఆట ఒకటి ఎక్కించి, ఒక సాయంత్రం నాన్నని దాని ముందు కూర్చోబెట్టాను. చేతిలో మౌస్ పెట్టాను.

"ఇదేందిరా, ఎలకా?"

"అలాంటిదే నాన్నా. ఇటు జరిపితే ఇటు తిరుగుతుంది. ఈ బొత్తాం నొక్కితే పోతుంది, ఇది నొక్కితే ఆగుతుంది."

"క్లచ్చో?"

"క్లచ్ అక్కర్లేదు. గేర్లు అదే వేసుకుంటుంది."

నాన్న కాసేపు అపనమ్మకంగా చూశాడు. తర్వాత మెల్లగా లారీని కదిపాడు. పది నిమిషాల్లో రెండు లారీలకి దారిచ్చాడు, మూడో లారీవాణ్ణి తిట్టాడు. ఒకచోట బండిని రోడ్డు దింపి ఆపేశాడు.

"ఏమైంది నాన్నా?"

"టీ తాగుదామని."

"ఇది ఏదో వేరే దేశం నాన్నా. ఇక్కడ టీ కొట్లుండవు."

"మరి డ్రైవర్లెట్టా బతుకుతన్నార్రా ఆ దేశంలో?" అని నవ్వాడు.

నాలుగు నెలల తర్వాత మా నాన్న నవ్వాడు. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి లోపలికి వెళ్ళిపోయింది. బుద్ధున్నవాడైతే అక్కడితో ఆగి, రోజూ కంప్యూటర్ ఆన్ చేసి పెట్టి ఊరుకునేవాడు. నేనేం ఆలోచించానంటే, వట్టి మౌస్‌తోనే ఇంత నవ్వు వచ్చిందంటే అసలు సామాను వస్తే ఎంత నవ్వు రావాలి అని. మీరు గమనించే ఉంటారు, తెలివితక్కువ పనులన్నీ లెక్కల్లో భలే సరిగ్గా కుదురుతాయి.

"నాన్నా, ఈ మౌస్ నీకు తగదు. నీకు మంచి సామాను తెప్పిస్తాను," అన్నాను మర్నాడు.

"ఎలక చాల్లేరా."

"చాలదు నాన్నా. ముప్ఫై ఏళ్ళ డ్రైవరువి నువ్వు. నీ చేతికి పట్టు కావాలి, కాలికి పెడల్ కావాలి."

"కాలికెందుకురా?"

"అదే అసలు మజా."

నాన్న ఇంకేదో అనబోయి, నా మొహం చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని నేను ఆనందం అనుకున్నాను.

ఇక్కడ నేనొక నేరం ఒప్పుకోవాలి. లారీ డ్రైవరుకి కొనాల్సింది స్టీరింగ్. ఈ మాట పాలు తాగే పిల్లల్ని అడిగినా చెబుతారు. నేనూ ఆన్‌లైన్లో స్టీరింగే కొందామని కూర్చున్నాను, అల్లా సాక్షిగా. కానీ స్టీరింగ్ పక్కనే జాయ్‌స్టిక్ బొమ్మ కనిపించింది. దాని పక్కన థ్రాటిల్, కింద పెడల్స్, మూడూ కలిపి ఒకే పెట్టెలో. నా వేలు నా మాట వినలేదు. లారీలు ముప్ఫై ఏళ్ళు తోలాడు కదా, ఇంకా లారీలేనా, విమానం నడపనిద్దాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నాన్న కోసం అని అందరికీ చెప్పి, నా కోసం కొన్నాను. పైగా ఎడమకాలు చెడి ఇంట్లో కూర్చున్న మనిషికి ఏరికోరి కాలితో తొక్కేది తెప్పించాను. ఆ రోజు ఈ సంగతి నా బుర్రకి తట్టనే లేదని చెబితే మీరు నమ్మరు. కానీ అదే నిజం.

సామాను వచ్చింది. బిగించడానికి మా ఇంట్లో తగిన బల్ల లేదు. అమ్మ పరుపు గుడ్డలు కత్తిరించుకునే బల్లని నేను ఆక్రమించాను. కుడివైపు జాయ్‌స్టిక్, ఎడమవైపు థ్రాటిల్ బిగించాను. పెడల్స్ మాత్రం నున్నటి గచ్చు మీద నిలిచేవి కావు, తొక్కితే గోడ దాకా పారిపోయేవి. వాటి వెనకాల పొత్రం అడ్డం పెట్టాను. ఇంతటి సాంకేతిక పరిజ్ఞానాన్ని చివరికి ఆపింది పచ్చడి నూరే రాయి. అమ్మ నేల మీద కూర్చుని గుడ్డలు కత్తిరించుకుంది. నాన్న కుర్చీకి మాత్రం కొత్త దూదితో ఒక మెత్త కుట్టిచ్చింది.

మొదటిరోజు నాన్న విమానం ఎక్కాడు.

"ముందు ఎడమది తొక్కి గేరెయ్యాలా?"

"గేరు లేదు నాన్నా. ఎడమది తొక్కితే ఎడమకి పోతుంది."

ఆయన సరేనన్నాడు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు. థ్రాటిల్ మీద చెయ్యి పడగానే ఎడమకాలు దానంతటది తొక్కేసింది. విమానం రన్‌వే దిగి గడ్డిలోకి పోయింది. రెండోసారీ గడ్డిలోకే పోయింది. మూడోసారి నాన్న అడిగాడు.

"హారన్ యాడుందిరా?"

"విమానానికి హారన్ ఉండదు."

"మరి పక్కకి తప్పుకోమని ఎట్టా చెప్తారు?"

"పైన ఎవరూ ఉండరు నాన్నా."

"ఎవరూ లేని రోడ్డు మీద తోలడానికి నేనెందుకురా?" అన్నాడు. కానీ లేవలేదు, నాలుగోసారి మొదలుపెట్టాడు.

అలా రోజూ సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి నాన్న పెడల్స్ మీద కాళ్ళు పెట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉండేవాడు. నేను సంచి పక్కన పడేసి, స్టూలు లాక్కుని, ఆయన పక్కన కూర్చుని పాఠం చెప్పేవాణ్ణి. అరగంట అనుకున్నది గంటయ్యేది. ఆయన మళ్ళీ మాట్లాడుతున్నాడు. నాగపూర్ ఘాట్‌లో బ్రేకులు ఫెయిలైన కథ, వర్షంలో తడిసిన బేళ్ళ మీద పడుకున్న కథ, ఇవన్నీ నేను ఆ స్టూలు మీద కూర్చునే విన్నాను. అన్నం కూడా తింటున్నాడు. లేచి నడిచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు, అది నేను చూశాను. "ఏం నాన్నా?" అంటే, "కూర్చుని కూర్చుని పట్టేసిందిలే," అనేవాడు. నేను సరేననుకుని, ఇదంతా నా పెడల్స్ మహిమ అని ఆఫీసులో చెప్పుకున్నాను. కులం మార్పిడి విజయవంతమైందన్నమాట.

ఇక ప్రదర్శన పెట్టకపోతే నాకు తోచలేదు. కోటేశ్వరరావు బాబాయ్ అని మా నాన్న దగ్గర ఒకప్పుడు క్లీనరుగా చేరి, ఆ తర్వాత డ్రైవరై, చీమకుర్తి నుంచి రాయి తోలే మనిషి ఉన్నాడు. ఆదివారం అతన్నీ, అతనితో ఇంకో ఇద్దరు డ్రైవర్లనీ భోజనానికి పిలిచాను. "మా నాన్న విమానం నడుపుతున్నాడు, వచ్చి చూడండి," అని ఫోన్లో చెప్పాను. నాన్న మాత్రం ఆ మాట విని, "వాళ్ళెందుకురా," అన్నాడు. నాన్నకి ఊళ్ళో ఇంకా పేరుందనీ, మోకాలు పోయినా మనిషి పోలేదనీ ఆ ముగ్గురూ చూడాలని నా ఆశ. అది మాత్రం నిజమైన ఆశే. దానికి నేను పెట్టిన ఏర్పాట్లే దరిద్రంగా ఉన్నాయి.

బిర్యానీలు అయ్యాక అందరూ ముందు గదిలోకి వచ్చారు. కోటేశ్వరరావు బాబాయ్ సామాను చుట్టూ తిరిగి చూశాడు, లారీ కొనేవాడు టైర్లు చూసినట్టు.

"కొత్త బండి గదా. పూజేశారా అన్నా?" అన్నాడు.

మా ప్రాంతంలో ఏ కొత్త బండికైనా, ఎవరి ఇంట్లోనైనా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తేగానీ అది రోడ్డెక్కదు. నాన్న లారీ ప్రతి బక్రీదుకీ, ప్రతి దసరాకీ నిమ్మకాయలు తొక్కింది. అమ్మ అప్పటికే లోపల్నించి రెండు నిమ్మకాయలు తెచ్చింది.

"నేను చెబుతూనే ఉన్నా, వీడు వింటే గదా," అంది. "దీనికి చక్రాలేవిరా?"

"చక్రాలు లోపల, కంప్యూటర్లో ఉంటాయమ్మా."

"అయితే కాళ్ళ కింద పెడతా."

నాన్న వంగి చూశాడు. "వద్దులేవే. లోపల వైర్లు, అవీ ఉంటాయి. పులుపు పడితే పాడైపోద్ది."

ఇక్కడ ఆగి గమనించండి. ఆ గదిలో యంత్రాల గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి సరైన మాట చెప్పాడు. ఆ గదిలో కంప్యూటర్ చదువు చదివిన ఒకే ఒక్క మనిషి ఇలా అన్నాడు:

"ఏం కాదు నాన్నా. ఇది మామూలు సరుకు కాదు. పైలట్లు వాడే రకం. దీని మీద ఏనుగు ఎక్కినా ఏం కాదు."

అమ్మ చెరో పెడల్ కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. నాన్నని కూర్చోమంటే, "మొదట నువ్వే కానీరా, నువ్వు తెచ్చినవాడివి," అన్నాడు. నేను కూర్చున్నాను. ఏనుగు ఎక్కినంత బలంగానే తొక్కాను. చిట్లిన చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. రసం కోటేశ్వరరావు బాబాయ్ లుంగీ దాకా చిమ్మింది. "శుభం," అన్నాడాయన.

తెలివిగా రన్‌వే మీంచి కాకుండా గాల్లోంచే మొదలుపెట్టాను. చిన్న విమానం, రెండు సీట్లది, సరిగ్గా మా ఊరి మీద.

"అదిగో మన హైవే. అవి పత్తి జిన్నింగు మిల్లులు. అటు పోతే ఒంగోలు. బాబాయ్, ఇప్పుడు మిమ్మల్ని చీమకుర్తి తీసుకెళ్తా," అన్నాను.

చీమకుర్తి వెళ్ళాలంటే కొంచెం కుడికి తిరగాలి. కుడి పెడల్ నెట్టాను. అది కదల్లేదు. ఎడమది నేను తొక్కకుండానే ముందుకెళ్ళి అక్కడే కూర్చుంది. పట్టాల మధ్య ఏ నిమ్మచెక్క ఇరుక్కుందో, ఏ గింజ చేరిందో తెలియదు. విమానం ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. తిరిగి తిరిగి మళ్ళీ జిన్నింగు మిల్లుల మీదికి వచ్చింది.

"మళ్ళీ మిల్లులే వచ్చినయ్యే," అన్నాడు బాబాయ్.

"ఊరు మొత్తం చూపిద్దామని," అన్నాను.

ఇంకో చుట్టు తిరిగింది. మళ్ళీ మిల్లులే.

"ఊరు చూశాంలేరా. చీమకుర్తి పోనీ."

"అటు మబ్బుంది బాబాయ్."

"నాకేం కనపళ్ళేదే."

"మీకు కనపడదు. అది పైలట్లకి కనపడుతుంది."

నా నుదుటి మీద చెమటలు పట్టాయి. జాయ్‌స్టిక్‌ని కుడికి వంచితే విమానం ఏటవాలుగా పడుకుని మరీ ఎడమకే పోతోంది. థ్రాటిల్ తగ్గిస్తే కిందకి దిగుతోంది, పెంచితే ఇంకా జోరుగా తిరుగుతోంది. రెండు కాళ్ళతో కుడి పెడల్‌ని తన్నాను. వెనకనున్న పొత్రం దొర్లిపోయి మంచం కిందకి వెళ్ళింది. పెడల్స్ గోడ వైపు జారాయి. వాటి కోసం నేనూ కుర్చీలోంచి జారాను. అయిదో చుట్టు జరిగేటప్పుడు నా తల ఒక్కటే బల్ల పైకి కనిపిస్తోందని తర్వాత అమ్మ చెప్పింది.

మిగతా ఇద్దరు డ్రైవర్లలో ఒకాయన గంభీరంగా అడిగాడు.

"లోపల మనుషులున్నారా బాబూ?"

"లేరండీ. ఇది ఆట."

"అయితే పర్లేదు," అని ఆయన నిట్టూర్చాడు. కానీ విమానం బాగా కిందకి వచ్చేసింది. మిల్లుల కప్పులు పెద్దవయ్యాయి. నేను నాన్న వైపు చూడలేకపోయాను. ఆయన్ని నలుగురి ముందు నిలబెట్టాలని పిలిచి, ఇదిగో ఇలా చేశాను. "మస్తాన్ కొడుకు మస్తాన్‌కి పనికిరాని బొమ్మ తెచ్చాడు," అని వీళ్ళు దారి పొడుగునా నవ్వుకుంటారు. ఆయన రేపటి నుంచి మళ్ళీ అరుగు మీదికి వెళ్ళి కూర్చుంటాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"జరగరా," అన్నాడు నాన్న.

మెల్లగా లేచి వచ్చాడు. మంచం మీద దిండు కిందకి చెయ్యి పోనిచ్చి నా పాత మౌస్ తీసి కంప్యూటర్‌కి గుచ్చాడు.

"ఆ కాళ్ళవి పీకెయ్."

నేను నేల మీద పాకి పెడల్స్ వైరు పీకేశాను. నాన్న నిలబడే, ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో మౌస్ కదిపాడు. మధ్యలో రెండు బొత్తాలు నొక్కాడు, అవి నేనెప్పుడూ నేర్పినవి కావు. విమానం తిరగడం ఆపి తిన్నగా సాగింది. మౌస్ కదిలిందో లేదో కూడా తెలియలేదు, అంత నిదానంగా జరిపాడు. మిల్లు కప్పు మీంచి విమానం దాటింది. ఎదురుగా హైవే కనిపించింది.

"నాన్నా, అది రన్‌వే కాదు."

"నాకు తెలుసు. అది నా రోడ్డు."

విమానాన్ని తీసుకొచ్చి హైవే మీద దింపాడు. ఒక్క కుదుపు, అంతే. దింపి ఊరుకున్నాడా, లేదు. మెల్లగా ఎడమపక్కకి తీసి, రోడ్డు వదిలి, మిల్లు గేటు ముందు ఆపాడు. వెనక వచ్చేవాళ్ళకి అడ్డం లేకుండా ఇంకొంచెం లోపలికి జరిపాడు కూడా. ముప్ఫై ఏళ్ళూ ఆయన బేళ్ళు ఎక్కించుకున్న చోటు అదే.

కోటేశ్వరరావు బాబాయ్ లుంగీ ఎగ్గట్టుకుని లేచాడు.

"దిగొచ్చా అన్నా?" అన్నాడు.

"ఆగు, పూర్తిగా ఆగనీ," అన్నాడు నాన్న.

అందరూ ఎంత నవ్వారంటే పక్కింటివాళ్ళు వచ్చి చూశారు. నాన్న అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయనే తోలాడు, వాళ్ళు పేర్లు చెప్పిన ఊళ్ళన్నిటికీ తీసుకెళ్ళాడు. చీమకుర్తి క్వారీ గుంతలో కూడా దింపుదామనుకున్నాడు, బాబాయే వద్దన్నాడు.

వాళ్ళు వెళ్ళాక నేను నేల మీద కూర్చుని పెడల్స్‌లోంచి నిమ్మగింజలు ఏరుతున్నాను. అమ్మ పక్కన కూర్చుని తడిగుడ్డతో గచ్చు తుడుస్తోంది.

"అమ్మా, నాన్న మౌస్‌తో అంత బాగా ఎప్పుడు నేర్చుకున్నాడు?"

"రోజూ నువ్వు ఆఫీసుకెళ్ళాక అదేగా పని. పొద్దున లారీ, మధ్యాన్నం విమానం. ఎలక అయితే కాలు కదపక్కర్లేదు గదా."

"మరి ఈ పెడల్స్?"

"నీ బస్సొచ్చే టైముకి వాటి మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. మర్నాడు పొద్దున్నే నేను మోకాలికి నూనె రాస్తా."

చేతిలో గింజ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ నేను పాఠం చెబుతున్నాననుకున్న మనిషి కాలు నొప్పి పెట్టుకుని నా పాఠం వింటున్నాడు. లేచి అరుగు మీదికి వెళ్ళాను. నాన్న కుర్చీలో కూర్చుని హైవే వైపు చూస్తున్నాడు.

"నొప్పిగా ఉందని చెప్పొచ్చుగా నాన్నా. మౌస్ చాలు అని గట్టిగా చెప్పొచ్చుగా."

ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

"చెప్పొచ్చు. ఎలకైతే నాకు నేనే ఆడుకుంటా. నువ్వు వచ్చి అన్నం తిని పడుకుంటావు. ఇది తెచ్చినకాడి నుంచి నా పక్కన కూర్చుంటన్నావు గదరా."

నేను ఆయన్ని నవ్వించే యంత్రం కోసం వెతికాను. ఆయనకి కావాల్సింది నా స్టూలు. అది మా ఇంట్లోనే, వంటింటి తలుపు పక్కన ఉంది.

ఆ పెడల్స్‌ని మర్నాడే పెట్టెలో పెట్టేశాను. జాయ్‌స్టిక్ ఇప్పుడు అమ్మకి దారం ఉండలు తగిలించుకోవడానికి పనికొస్తోంది. సాయంత్రం ఆరున్నరకి నేను స్టూలు లాక్కుని నాన్నకి ఎడమపక్కన కూర్చుంటాను. నా హోదా పైలట్ కాదు, క్లీనర్. నా పనల్లా పక్కకి చూసి, "రానీ, రానీ," అనడమే. ఇంకా ఆ పని కూడా సరిగ్గా చేయడం లేదని తిట్లు తింటున్నాను.

కాబట్టి పాఠకుల సమక్షంలో, మా నాన్న ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి, అదీ నొప్పి పుట్టకుండా మెల్లగా వేసి, ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరికి ఏం కొనాలన్నా ముందు వాళ్ళని అడుగుతాను. వాళ్ళు ఏది చాలంటే అది చాలని నమ్ముతాను. ఏమీ కొనకుండా పక్కన కూర్చుంటే సరిపోయే చోట, నోరు మూసుకుని కూర్చుంటాను. ఈ ప్రమాణాన్ని తప్పితే నన్ను తీసుకెళ్ళి ఆ చీరల వ్యాపారి పక్క సీట్లో కూర్చోబెట్టి, గుంటూరు నుంచి మంగళగిరి దాకా ఆయన చేత చీరల గురించి చెప్పించండి.